ఎదురుకాళ్ళ వైద్యం

ఈ వయసులో నన్నెవరైనా ఊరికి పిలిచారంటే అది పెళ్ళికో, కర్మంతరానికో అయి ఉంటుంది. మా తమ్ముడు ఓబులు మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, నంద్యాలకు వచ్చి తనను తన్నిపొమ్మన్నాడు.

"అక్కా, నడుము పట్టేసింది. ఒక తూరి వచ్చి తన్నిపో."

"నేను రిటైరైనాను లేరా."

"రిటైరయింది కాలేజీ నుంచి కదా. కాలు యాడికి పోతాది?"

వాడు ఎగతాళికి అనలేదు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే అందరిలా తల ముందు రాకుండా నాకు కాళ్ళు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్ళు కాలితో తన్నితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. లోకంలోకి రావడమే తప్పుదోవన వచ్చిన మనిషికి, దోవ తప్పిన నడుములను సరిచేసే అర్హత ఎట్లా వచ్చిందో నాకెవరూ చెప్పలేదు. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి బతికాను. కానీ ఆళ్ళగడ్డలో ఓ వయసు దాటినవాళ్ళకు ఇప్పటికీ నేను ఎదురుకాళ్ళ పాపనే. ముప్పావు వంతు జుట్టు నెరిసినా పాపనే.

ఎన్నాళ్ళ నుంచిరా అని అడిగాను. ఉగాది ముందు నుంచీ అన్నాడు. పగలు పరవాలేదట, రాత్రి పడుకుంటేనే పోటు ఎక్కువట. సాయంత్రమైతే ఒళ్ళు కాస్త వెచ్చబడుతోందట. "అది ఎండకులే. ఇంకో సంగతి చెప్తా విను, ప్యాంట్లన్నీ వదులైతాండాయి. షుగరు దోవకొచ్చినట్టుంది" అని సంతోషంగా చెప్పాడు. ఆ సంతోషం నాకు అంటలేదు. ఆసుపత్రికి పొమ్మన్నాను.

"ఆసుపత్రి మాట ఎత్తొద్దు. అమ్మను వంచి పంపించింది యాడ? ఆసుపత్రిలోనే కదా! ఈడ ఒకాయన కొత్తగా పెట్టినాడు, మందుల్లేవు, సూదుల్లేవు, అంతా చేత్తోనే అంట. ఆస్టియోపతి అంటాండారు. నువ్వు తన్నకపోతే ఆడికి పోతా."

కాలా, చెయ్యా అన్న బేరంలో ఏది తక్కువ ప్రమాదమో తేల్చుకోలేక బస్సెక్కాను.

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే దారి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆ దారిలో నేను ఒకసారి చేసిన ప్రయాణమే మిగతా ప్రయాణాలన్నిటినీ మింగేసింది. కిటికీ పక్కన కూర్చుని, సిరివెళ్ళ దాటేలోపల, మా పాత ఇంటి వాకిలి దాకా వెనక్కి పోయివచ్చాను.

ఆ ఇంట్లో తెల్లవారడం జేజి దగ్గుతో మొదలయ్యేది. జేజి అంటే నాయనను కన్న తల్లి. ఆమె దగ్గితే కోడళ్ళు లేవాలి, పశువులు లేవాలి, సూర్యుడు కూడా లేవాలని ఆమె ఉద్దేశం. వాకిట్లో చల్లిన పేడనీళ్ళ వాసన, కొట్టంలోంచి వచ్చే తడిగడ్డి వాసన, జేజి మోకాళ్ళకు రాసుకునే ఆముదం వాసన కలిసి ఒక వాసనయ్యేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే నా ఎడమ కాలు తనంతట తానే కొంచెం పైకి లేస్తుంది. లోపల వంటింట్లో అమ్మ జొన్నరొట్టె తట్టేది. ఆ చప్పుడు నాకు గడియారం. వేగంగా, ఒకే తాళంలో, మధ్యలో ఒక్క క్షణం ఆగి రొట్టె తిప్పి మళ్ళీ మొదలు. నేను పళ్ళు తోముకోకూడదు, నీళ్ళు తాగకూడదు, అలాగే వాకిట్లోకి రావాలి. ఎందుకంటే అప్పటికే నాపరాళ్ళ అరుగు మీద మనుషులు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు.

ఆదివారం, మంగళవారం వచ్చేవాళ్ళు. అవుకు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. అంత దూరం బండిలో కుదుపులు తిని వచ్చినాక నడుము పట్టేయక ఏమవుతుందని అప్పుడు నాకు తోచలేదు. జేజి నా రెక్క పట్టుకుని నిలబెట్టేది. ఎడమ కాలు, మడమతో, పట్టేసిన చోట తన్నాలి. తన్నినాక వంగి వాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలి. పెద్దవాళ్ళకు కాలు తగలడం పాపం కదా, ఆ పాపం పోవడానికి. పాపమూ నేనే చేయాలి, పరిహారమూ నేనే చేయాలి. నడుము మాత్రం వాళ్ళది. నన్ను చెప్పులు వేసుకోనిచ్చేది కాదు జేజి, కాలి బలం చెప్పుకు పోతుందని. ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేది. నాకు నొప్పి పుట్టిందని కాదు, మంగళవారం దగ్గర పడిందని.

నూనె మిల్లు పుల్లన్న అని ఒకాయన ఉండేవాడు. చెనక్కాయల బస్తా అంత మనిషి. ఏడాది పొడుగునా బస్తాలు ఎత్తేవాడు, ఏడాది పొడుగునా నడుము పట్టేది, ఏడాది పొడుగునా మా అరుగు మీద ఉండేవాడు.

"ఇంకా గట్టిగా తన్ను తల్లీ. పిల్లి తొక్కినట్టుంది."

"సంగటి సరిగా తినదు పాప, ఏం చేద్దాం చెప్పు" అనేది జేజి, బలహీనమైన మందు అమ్మిన కొట్టువాడిలాగా.

"రేపట్నుంచి నా ఇంటికి పంపించు, నేను తినిపిస్తా."

"తిని తిని నువ్వు ఇట్లయితివి, మళ్ళా పాపను కూడానా?"

అందరూ నవ్వేవాళ్ళు. పుల్లన్న లేచి, నడుము అటూ ఇటూ తిప్పి, పోయిందమ్మా పోయింది అని ప్రకటించి, జేజి చేతిలో ఓ బెల్లం దిమ్మ పెట్టి వెళ్ళేవాడు. పట్టేసిన నడుము సాధారణంగా దానంతటదే కొన్నాళ్ళలో వదులుతుందన్న సంగతి నేను కాలేజీకి వచ్చాక తెలుసుకున్నాను. ఆ కొన్నాళ్ళ గొప్పదనాన్నంతా జేజి నా కాలికి కట్టేసింది. తగ్గితే నా కాలు. తగ్గకపోతే వాళ్ళు ఇంట్లో ఏదో తిన్నారు, ఎవరితోనో పోట్లాడారు, వచ్చేటప్పుడు పిల్లి ఎదురొచ్చింది. ఇంత పక్కాగా ఏర్పాటు చేసిన వైద్యాన్ని నేను తర్వాత ఎన్నో చోట్ల చూశాను, పెద్ద పెద్ద బోర్డుల కింద కూడా. కానీ మా జేజి అంత ధైర్యంగా నడిపినవాళ్ళు తక్కువ.

ఇంటికి పేరొచ్చింది. పేరొచ్చిన ఇల్లు ప్రమాదకరం. నాయన టీ అంగడి దగ్గర, మాకు నడుము నొప్పి భయం లేదప్పా, మందు ఇంట్లోనే తిరగతాంటాది అనేవాడు. ఆ మందు అప్పటికి మూడో తరగతో నాలుగో తరగతో.

అట్లాంటి ఇంట్లో అమ్మకు నడుము నొప్పి వచ్చింది.

నాకు ముందు వినపడింది. రొట్టె తట్టే చప్పుడు తాళం తప్పింది. మధ్యలో ఆగేది, ఆగిన చోట ఒక ఊపిరి వినపడేది, తర్వాత మళ్ళీ మెల్లగా మొదలయ్యేది. కొన్నాళ్ళకు ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి ఒక్క చేత్తో తట్టడం మొదలుపెట్టింది. జేజి వంటింట్లోకి తొంగి చూసి, "పాపా, మీయమ్మను తన్నుపో" అంది, పెరట్లోంచి కరివేపాకు తెమ్మన్నంత సులువుగా.

అమ్మ అరుగు మీద పడుకోకూడదు కదా, ఇంటి కోడలు. వంటింట్లో పొయ్యి పక్కన బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి, నావైపు ఒక కన్నుతో చూస్తూ, జేజికి వినపడకుండా అంది: "గట్టిగా పెట్టొద్దు పాపా. పెట్టినట్టు ఉండు, చాలు." నేను పెట్టినట్టు ఉన్నాను. అంతకు ముందు పుల్లన్నలాంటి వాళ్ళ వీపుల మీద నా కాలికి చెమట, నూనె, బస్తా పీచు తగిలేవి. అమ్మ వీపు మీద వేడి తగిలింది. సాయంత్రం పూట మరీ ఎక్కువ. అమ్మకు జ్వరం ఉందని మా ఇంట్లో మొట్టమొదట తెలిసింది నా పాదానికి. నోటికి చెప్పింది పాదమే. జేజికి చెప్పింది నోరు.

"జ్వరం కాదే పిచ్చిదానా. నీ కాలి బలం లోపలికి పోతాంది" అంది జేజి.

ఆ మాట మీద నా కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లార్చుకునే ప్రయత్నం కూడా నేను చేయలేదు. జేజి చెడ్డది కాదని మా బంధువులు అంటారు. కాదు, నిజమే. అమ్మకు రోజూ పాలు ఎక్కువ పోసేది, దిష్టి తీసేది, రాత్రిళ్ళు లేచి కాళ్ళు పట్టేది. ఆసుపత్రికి మాత్రం పంపలేదు. ఒకసారి నాయన మెల్లగా కదిపాడు, నంద్యాలకు ఒక తూరి చూపిద్దామా అని. "మనింటి మనిషే నంద్యాల ఆసుపత్రికి పోతే రేపట్నుంచి మన అరుగు ఎవురు తొక్కుతారు? ఊరేమనుకుంటాది?" అంది జేజి. నాయన కండువా భుజానికి వేసుకుని బయటికి పోయాడు. ఇదే నాయన ఎద్దు కొంచెం కుంటితే అదే పూట పశువుల ఆసుపత్రికి తోలుకుపోయేవాడు. ఎద్దును తన్నమని ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

అమ్మ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. ఒకరోజు పొద్దున పూజ చేసుకుని వచ్చి, కలలో మహానంది కోనేరు కనపడింది, మునిగి రమ్మన్నట్టుంది అంది. దేవుడి పిలుపును జేజి కాదనలేదు. ఓబులు చిన్నవాడు, వాణ్ణి జేజి దగ్గర ఉంచి అమ్మ నన్ను వెంటబెట్టుకుంది. బస్సు నంద్యాలలో ఆగింది. మహానంది బస్సు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు, అమ్మ చెయ్యి పట్టి అటు లాగాను. అమ్మ రెండో వైపు నడిచింది. మెల్లగా, గోడలు పట్టుకుంటూ, మధ్యలో ఒక తోపుడు బండికి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, ఆసుపత్రి దాకా నడిచింది.

అక్కడి డాక్టరమ్మ అమ్మను తన్నలేదు, వత్తలేదు. రవిక కొంచెం పైకి జరిపి వెన్ను మీద వేలు పెట్టి పైనుంచి కిందికి తెచ్చింది. నడుముకు కాస్త పైన ఆ వేలు ఒకచోట ఎక్కి దిగింది. చిన్న గుట్టలాగా. నేను చూశాను. అప్పటికే వెన్ను వంగడం మొదలైంది, ఇంకా ఏ ఆసుపత్రి మంచమూ ఎక్కకముందే. రాత్రి నొప్పి ఎక్కువవుతుందా, సాయంత్రం జ్వరమా, బట్టలు వదులయ్యాయా అని అడిగింది డాక్టరమ్మ. అన్నిటికీ అమ్మ తలూపింది. వెన్నుపూసకు క్షయ పట్టిందని, ఆలస్యం చేశారని, చేరాల్సిందేనని చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఏం వైద్యం చేయించినారు?"

అమ్మ నా కాలివైపు చూసింది. చూసి, తన చీర కుచ్చిళ్ళు కొంచెం జరిపి నా కాలు కనపడకుండా చేసింది.

"ఇంటి వైద్యమే" అంది.

తప్పు నాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. కాలు నాదే కానీ దాన్ని ఎత్తించిన మనుషులు వేరే. అయినా ఆ కుచ్చిళ్ళు జరిపిన చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

తిరుగు బస్సు ఎక్కేముందు అమ్మ నంద్యాల బస్టాండు కుళాయి కింద తల వంచి జుట్టు తడుపుకుంది. నా జుట్టూ తడిపింది. పక్కనే గంపలో కొబ్బరి ముక్కలు అమ్ముతుంటే కొని, కొంగులో కట్టుకుంది. బొట్టు పక్కన కాస్త విబూది రాసుకుంది, ఎక్కడ సంపాదించిందో. ఇంటికి వచ్చి జేజికి, నాయనకు, ఓబులుకు కొబ్బరి పంచి, కళ్ళకద్దుకుని చెప్పింది: "ఆడ పూజారి నన్ను చూసి, నీకు స్వామి నంద్యాల ఆసుపత్రిలో బాగుచేస్తాడు, ఆలస్యం చేయొద్దు పో అన్నాడు." దేవుడి మాట. జేజి నోరు మూతపడింది. ఓబులు కొబ్బరి నములుతూ ఇంకో ముక్క అడిగాడు.

అమ్మ బతికింది. నెలల తరబడి పిండికట్టు వేసుకుని మంచానికి అంటుకుని, సూదులు పొడిపించుకుని బతికింది. కానీ వంగిపోయి వచ్చింది. జేజి ఆ తర్వాత ఊరందరికీ చెప్పిన కథ ఒకటే: నిటారుగా పోయిన కోడల్ని ఆసుపత్రివాళ్ళు వంచి పంపించారు, దానికంతటికీ కారణం ఆ మహానంది పూజారి. అసలు లేనే లేని ఆ పూజారిని ఆమె పోయేదాకా తిట్టింది, మహానంది వైపు మళ్ళీ కన్నెత్తి చూడలేదు. ఓబులు ఆ కథ మీదే పెరిగాడు. నా వైద్యం మాత్రం నేను పెద్దమనిషినయ్యేదాకా సాగింది. ఆ తర్వాత ఆడపిల్ల మగవాళ్ళ నడుములు తన్నకూడదని గుర్తొచ్చింది వాళ్ళకు. అమ్మ చివరి రోజుల్లో మనుషుల్ని పాదాలను బట్టి గుర్తుపట్టేది, ఆమెకు కనపడేవి అవే కాబట్టి. అరుగు దగ్గరికి ఎవరు వచ్చినా తల ఎత్తకుండానే పేరు చెప్పేది. నా పాదాలు కనపడితే, "వచ్చినావా పాపా" అనేది. అంతే.

ఓబులు నంద్యాల బస్టాండుకు వచ్చి నన్ను ఆటోలో ఎక్కించుకున్నాడు. వాడు విత్తనాల కొట్టు నడుపుతాడు, ఊరంతా తెలిసినవాడు. ఆటో దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు, కాసేపాగి రెండో కాలు. తోపుడు బండికి ఆనుకున్న అమ్మ గుర్తొచ్చింది. తన్నవా అన్నాడు. తన్నను అన్నాను. అయితే పద అని మెట్లెక్కించాడు.

ఆస్టియోపతి గది మేడ మీద ఉంది. నడుము నొప్పివాళ్ళ కోసం మేడ మీద గది తీసుకోవడంలోనే వైద్యుడి ఆత్మవిశ్వాసం తెలుస్తుంది. లోపల పిల్లనగ్రోవి పాట, ఏదో గడ్డి నూనె వాసన, మూలలో ప్లాస్టిక్ అస్థిపంజరం. వైద్యుడు పాతికేళ్ళు దాటిన పిల్లవాడు, నంద్యాలవాడే, బెంగళూరులో చదివి వచ్చాడు. వచ్చిన వెంటనే తాను మందులు రాసే డాక్టరును కానని చెప్పాడు. ఏమిటో చెప్పమన్నాను. చెప్పాడు.

"శరీరమంతా ఒకటే మేడమ్. ఎముకలు, కండరాలు, నరాలు, రక్తం, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట బిగుసుకుంటే ఇంకోచోట నొప్పి తేలుతుంది. చేత్తో తడిమి ఆ బిగువు యాడుందో చూస్తాం. మెల్లగా వత్తి, సాగదీసి, కీళ్ళు కదిలించి వదులు చేస్తాం. బాగుచేసుకునే శక్తి శరీరానికే ఉంది. మేము అడ్డం తీస్తాం, అంతే."

శరీరమంతా ఒకటేనని మా జేజి కూడా నమ్మేది. అందుకే తలనొప్పి వచ్చినవాణ్ణి కూడా నడుము మీదే తన్నించేది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

"దీన్ని కనిపెట్టింది ఎవరు?"

"అమెరికాలో ఒక డాక్టరు మేడమ్. వందేళ్ళ పైమాటే."

"ఆయన ఎదురుకాళ్ళతో పుట్టినాడా?"

"అది... తెలీదు మేడమ్."

"ఏ రోగాలు తగ్గుతాయి?"

"ఆస్తమా, చెవిపోటు అన్నీ పోతాయని చెప్పేవాళ్ళు ఉండారు. నేను నడుము, మెడ, భుజం దాటి పోను. అవి కూడా అందరికీ తగ్గవు."

"ఆ మాట కింద బోర్డు మీద లేదే?"

"బోర్డు మా మామ రాయించినాడు మేడమ్" అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

"అక్కా, నువ్వు పరీక్ష పెట్టేదానికి వచ్చినావా, నా నడుము చూపించేదానికి వచ్చినావా?" అన్నాడు ఓబులు.

వైద్యుడు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి, ఎక్కడ, కాలిలోకి పాకుతుందా. అన్నిటికీ ఓబులు బుద్ధిమంతుడిలా జవాబిచ్చాడు.

"రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువైతాందా సార్?"

"లేదు."

"జ్వరం?"

"నాకెందుకొస్తాది?"

"బరువు తగ్గినారా?"

"వాకింగ్ చేస్తాండా కదా."

మా తమ్ముడి వాకింగ్ కొట్టు నుంచి బిర్యానీ హోటలు దాకా. నేను నోరు తెరిచేలోపల వాడు చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. ఆ బల్లకు ముఖం పెట్టుకోవడానికి ఒక రంధ్రం ఉంది. మా అరుగుకు అది లేదు. చేతివైద్యం ఆ మేరకు ముందుకు పోయిందని ఒప్పుకుంటున్నాను. పిల్లవాడు చేతులు కడుక్కుని, రుద్దుకుని వెచ్చ చేసుకుని, ఓబులు నడుముకు కాస్త పైన అరచెయ్యి ఆనించాడు. సరిగ్గా ఎక్కడ ఆనించాడో చూశాను. నా మడమ పట్టేంత చోటు అది.

"బాబూ, చెయ్యి కదిలించొద్దు. ఆ వీపు వేడిగా తగలతాందా?"

అతను ఆగాడు. "కొంచెం వెచ్చగానే ఉంది మేడమ్."

"మా తమ్ముడు అబద్ధం చెప్తాండాడు. రాత్రి నొప్పికి నిద్రపోడు. సాయంత్రమైతే జ్వరం. ప్యాంట్లు జారతాండాయి. మా అమ్మకు కూడా ఇట్లే మొదలైంది, వెన్నులో టి.బి."

రంధ్రంలోంచి ఓబులు గొంతు వచ్చింది: "ఇంటి సంగతులు బజార్లో పెట్టినావు కదక్కా."

పిల్లవాడు చెయ్యి తీసేశాడు. వెంటనే, కాగిన పెనం మీది నుంచి తీసినట్టు.

"లేవండి సార్. ఈరోజు నేను మిమ్మల్ని ముట్టుకోను. ముందు ఆసుపత్రిలో చూపించండి. రక్తం, ఎక్స్‌రే, స్కానింగ్ కూడా అడుగుతారు. అదేందో తెలీకుండా వత్తితే ప్రమాదం."

"నువ్వు వత్తేటోడివా, ఆసుపత్రోళ్ళ ఏజెంటువా?" అన్నాడు ఓబులు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ.

దీన్ని పొగడ్తగా ఎవరూ తీసుకోకూడదు. నేను పక్కన లేకపోతే ఆ చెయ్యి వత్తేది. ప్రశ్న సరైనదే అడిగాడు, జవాబు మర్యాదగా నమ్మేశాడు. శరీరం చెప్పేది చేత్తో వింటామని గోడ మీద రాసుకున్నవాడు, ఆ వీపు చెప్తున్నదాన్ని నేను అడిగిందాకా వినలేదు. చేత్తో, కాలితో, నూనెతో, మంత్రంతో చేసే వైద్యాల మీద నాకు ఉన్న అభిప్రాయంలో మార్పేమీ లేదు. కాకపోతే ఒక్కటి రాసి పెట్టాలి. మా అరుగు మీద అన్ని ఏళ్ళలో, అన్ని నడుముల మీద, ఇది మాకు కాదు, పెద్దాసుపత్రికి పో అన్న మనిషి ఒక్కరు లేరు. ఆ మాట చెవితో వినడానికి నాకు ముసలితనం దాకా పట్టింది.

మెట్ల మధ్యలో ఓబులు ఆగిపోయాడు. కడ్డీ పట్టుకుని, నావైపు చూడకుండా అన్నాడు.

"నేను పోను. ఆసుపత్రికి పోయినాకే కదా అమ్మ వంగింది. నిటారుగా పోయింది, వంగి వచ్చింది. జేజి అబద్ధం చెప్తాదా?"

"అమ్మ వెన్ను అప్పటికే వంగిందిరా. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. నేను పక్కనే ఉండా."

"నువ్వు యాడుండావ్? నువ్వు అమ్మతో మహానందికి కదా పోయింది?"

ఇన్నేళ్ళూ అమ్మ కోసం దాచిన సంగతి. అమ్మ లేదు, జేజి లేదు, నాయన లేడు. ఆ మేడ మెట్ల మీద, పిల్లనగ్రోవి పాట పైనుంచి దిగివస్తుంటే, మొత్తం చెప్పాను. గోడలు పట్టుకుని నడవడం, డాక్టరమ్మ వేలు, ఇంటి వైద్యమే అన్న మాట, కుళాయి కింద తడిపిన జుట్టు. ఓబులు ఒక మెట్టు మీద కూర్చున్నాడు.

"అంటే అమ్మ మహానందికి పోనేలేదా?"

"లేదు."

"పూజారి?"

"లేడు."

"జేజి ముప్పై ఏళ్ళు తిట్టింది కదక్కా ఆయప్పను!"

"పాపం, ఉండింటే బాధపడేవాడు."

వాడు నవ్వబోయాడు. నవ్వితే నడుములో కలుక్కుమన్నట్టుంది, ముఖం చిట్లించి కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. కాసేపయ్యాక తల ఎత్తాడు.

"మరి ఆ కొబ్బరి?"

"నంద్యాల బస్టాండుది."

"నేను రెండు ముక్కలు తిన్నా."

"మూడు."

"ఆసుపత్రికి పోయేదానికి అమ్మ అంత కష్టపడిందా" అన్నాడు, ప్రశ్నలాగా కాదు. తర్వాత చెయ్యి చాపాడు, లేపమని. లేపాను. కిందికి దిగి, వాడే ఆటోను పిలిచి, వాడే ఆసుపత్రి పేరు చెప్పాడు.

అనుమానించిందే. వెన్నుపూసలో అదే, కానీ ఇంకా గుట్ట కట్టలేదు. ఇప్పుడు పిండికట్లు లేవు, నెలల తరబడి మంచాలు లేవు. పొద్దున పరగడుపున గుప్పెడు మాత్రలు, ఒక బెల్టు, కొట్లో బస్తాలు ఎత్తకుండా కాపలా కాసే మరదలు. మాత్రలు మింగిన ప్రతి రోజూ వాడు నాకు ఫోన్ చేసి మూత్రం రంగు మారిందని ఫిర్యాదు చేసేవాడు. అమ్మ కాలంలో ఇవి ఉండి ఉంటే అని ఎవరైనా అనొచ్చు. అప్పుడూ ఉన్నవి సరిపోయేవి. ఇల్లు దాటి నంద్యాల దాకా పోనిస్తే. ఆ దూరం బస్సులో గంటో, గంటన్నరో. మా ఇంటి పేరుకు, పరువుకు మాత్రం అది పోలేనంత దూరం.

మాత్రలు అయిపోయాక వాడు ఫోన్ చేశాడు. అమ్మ మొక్కు బాకీ ఉండిపోయింది కదక్కా, తీర్చిపోదాం రా అన్నాడు. అమ్మ మొక్కనే లేదు కదరా అన్నాను. పేరయితే వాడుకుంది కదా అన్నాడు. ఇద్దరమూ మహానందికి పోయాం. వాడు కోనేరు మెట్లు ఏమీ పట్టుకోకుండా దిగాడు. నేను వెనక నుంచి వాడి తడిసిన వీపు చూస్తూ నిలబడ్డాను, పైనుంచి కిందిదాకా, మధ్యలో ఎక్కడా కన్ను ఆగకుండా. తర్వాత మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. అడుగున రాయి రాయి కనపడే నీళ్ళు. నా ఎడమ కాలు అందులో మామూలు కాలులాగే ఉంది, కొంచెం ముసలిది.

వాడు గుళ్ళోకి పోయి, విబూది రాసుకుని, దోసిట్లో కొబ్బరి ముక్కలు తెచ్చాడు.

"ఇది అసలుది. తిను."

తిన్నాను. బాగానే ఉంది. బస్టాండుదే తియ్యగా ఉండింది.